సలహా అడగడం కూడా చదువే

ఒకే డిగ్రీ క్లాసులో ఇద్దరమ్మాయిలు పక్కపక్కన కూర్చుంటారు. మార్కులు ఇద్దరికీ ఇంచుమించు సమానం. ఒకమ్మాయి నాన్న జూనియర్ కాలేజీలో లెక్చరర్. డిసెంబరులో ఒక రాత్రి అన్నం తింటూ ఆయన మాటవరసకు అంటాడు: "సీయూఈటీ పీజీ నోటిఫికేషన్ వచ్చిందట, చూశావా?" రెండో అమ్మాయి తల్లి పత్తి ఏరడానికి పోతుంది, తండ్రి మేస్త్రీ కింద పనిచేస్తాడు. కూతురి చదువంటే ఇద్దరికీ ప్రాణం. కానీ ఆ పరీక్ష పేరు ఆ ఇంట్లో ఎవరూ విని ఉండరు. డిగ్రీ ఫలితాలు వచ్చాక ఆ అమ్మాయి "ఎమ్మెస్సీ ఎక్కడ చదవాలి?" అని అడగడం మొదలుపెడుతుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చేరాలంటే రాయాల్సిన ఆ పరీక్ష మార్చిలోనే అయిపోయి ఉంటుంది.

ఈ అధ్యాయం ఆ రెండో అమ్మాయి కోసం, అలాంటి అబ్బాయిల కోసం.

"మాకు గైడెన్స్ లేదు సార్" అని ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో పిల్లలు తరచూ అంటుంటారు. అది సాకు కాదు, నిజం. చదువుకున్న ఇళ్లలో ఆ గైడెన్స్ అడక్కుండానే దొరుకుతుంది. బాబాయి బ్యాంకులో ఉంటాడు, మేనత్త టీచరు, పక్కింటి అన్న సాఫ్ట్‌వేర్‌లో ఉంటాడు. మీ ఇంట్లో డిగ్రీ మెట్టెక్కిన మొదటి మనిషి మీరే అయితే, అలాంటివాళ్లను మీరే కూడగట్టుకోవాలి. అది కూడా సిలబస్‌లో ఒక పేపరనుకుని, వారానికి కొంత సమయం కేటాయించి చేయాల్సిన పని.

ప్రతిభ ఉన్నా తలుపు తట్టేవాళ్లు కావాలి

"నిజంగా తెలివి ఉంటే దారి అదే దొరుకుతుంది" అని కొందరంటారు. నమ్మకండి. అంబేద్కర్‌ను మించిన తెలివి మన దేశం ఎంతమందిలో చూసింది? 1907లో ఆయన మెట్రిక్ పాసయ్యారు. కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు ఆ కుర్రవాడిలోని పట్టుదలను గమనించారు. డబ్బు చాలక కాలేజీ చదువు ఆగిపోయే పరిస్థితి వచ్చినప్పుడు బరోడా మహారాజు శాయాజీరావ్ గైక్వాడ్‌కు ఆయన గురించి చెప్పింది కేలూస్కరే. నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్ వచ్చింది. 1912లో బీఏ అయింది. 1913లో అదే బరోడా సంస్థానం నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లకు స్కాలర్‌షిప్ ఇచ్చి కొలంబియా యూనివర్సిటీకి పంపింది. చదివింది అంబేద్కరే. రాత్రింబవళ్లు కష్టపడిందీ ఆయనే. అయినా స్కాలర్‌షిప్ ఎక్కడుందో తెలిసిన పెద్దమనిషి ఒకరు సరైన సమయానికి పక్కన నిలబడ్డారు.

ఈ విషయంలో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం గురించి కూడా తెలుసుకోవాలి. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ 2007లో తన కమ్యూనిటీ కాలేజీల్లో 'ఏఎస్ఏపీ' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ కాలేజీలకు వచ్చేవాళ్లలో చాలామంది పేదింటి పిల్లలు. ఫీజులో తక్కువపడింది కట్టారు, పుస్తకాలు ఇచ్చారు, రైలు, బస్సు ఖర్చు భరించారు. వీటితో పాటు ప్రతి విద్యార్థికీ ఒక సలహాదారును కేటాయించి, ఆ మనిషిని క్రమం తప్పకుండా కలవాల్సిందేనని షరతు పెట్టారు. మామూలు విద్యార్థులకు వందలమందికి ఒక సలహాదారు ఉంటే, ఇక్కడ అరవై నుంచి ఎనభై మందికి ఒకరు. లాటరీ పద్ధతిలో రెండు బృందాలుగా విడదీసి పోల్చి చూస్తే, మూడేళ్లలో డిగ్రీ పూర్తిచేసినవాళ్లు మామూలు బృందంలో 22 శాతం, ఈ బృందంలో 40 శాతం. రెండు బృందాల్లోనూ అదే రకం పిల్లలు, అవే కాలేజీలు. డబ్బు సాయానికి తోడుగా దారి చూపే మనిషి కూడా దొరకడంతో అంత తేడా వచ్చింది.

మన కాలేజీల్లో అంత ఏర్పాటు లేదు. ఉన్నదాన్ని పూర్తిగా వాడుకోవడం మాత్రం మన చేతుల్లో ఉంది.

మీ కాలేజీలో ఎవరికి ఏం తెలుసు?

అన్నీ తెలిసిన ఒక్క మనిషి కోసం వెతకకండి. ఒక్కొక్కరికి ఒక్కొక్క సంగతి తెలుసు.

చాలా కాలేజీల్లో ప్రతి విద్యార్థికీ ఒక లెక్చరర్‌ను మెంటర్‌గా వేస్తారు. ఆ పేరు నోటీసు బోర్డు మీద ఉంటుంది, పిల్లల్లో ఎక్కువమందికి తెలియదు. మీ మెంటర్ ఎవరో రేపే కనుక్కోండి. ఏ కోర్సు మీకు సరిపోతుంది, ఏ సబ్జెక్టులో మీ బలం ఎంత అనేది ఆయనతోనో ఆవిడతోనో మాట్లాడాల్సిన విషయం.

ఈపాస్ లాంటి స్కాలర్‌షిప్ పోర్టల్‌లో మీ దరఖాస్తు ఎక్కడ ఆగిందో ప్రిన్సిపాల్ కంటే స్కాలర్‌షిప్ సెక్షన్ క్లర్కుకు బాగా తెలుసు. ఆయనతో మర్యాదగా, పరిచయంగా ఉండండి. రద్దీ లేని సమయంలో వెళ్లి అడగండి.

ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ఉద్యోగాల శిక్షణకు తెలంగాణలో టీఎస్‌కేసీ, ఆంధ్రప్రదేశ్‌లో జేకేసీ కేంద్రాలున్నాయి. వాటి కోఆర్డినేటర్ దగ్గర పేరు నమోదు చేసుకుంటే క్యాంపస్ డ్రైవ్‌ల సమాచారం మీ ఫోన్‌కే వస్తుంది. పోటీ పరీక్షలకు చదవాలనుకుంటే ఎస్సీ, ఎస్టీ, బీసీ స్టడీ సర్కిళ్ల ఉచిత కోచింగ్ గురించి మీ జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో అడగండి. సంక్షేమ హాస్టల్లో ఉంటే వార్డెన్‌ను అడిగినా చెబుతారు.

వీళ్లందరికంటే దగ్గరివాళ్లు మీ సీనియర్లు. పోయినేడాది మీ కాలేజీ నుంచే పీజీ సీటు సంపాదించిన అక్క, బ్యాంకులో చేరిన అన్న. మీరు ఇప్పుడు పడుతున్న ఇబ్బందిని వాళ్లు నిన్నగాక మొన్న దాటారు.

ఎలా అడగాలి?

బీఎస్సీ లెక్కలు, ఫిజిక్స్, కంప్యూటర్స్ గ్రూపులో నాలుగో సెమిస్టర్ చదువుతున్న ఒక అమ్మాయిని ఊహించుకోండి. స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి అడుగుతుంది: "సార్, డిగ్రీ అయ్యాక ఏం చేస్తే బాగుంటుంది?" సార్ తర్వాతి క్లాసుకు హాజరు పట్టీ తీసుకుంటూ, "బాగా చదువమ్మా, అన్నీ మంచివే" అంటారు. ఆయనకు శ్రద్ధ లేక కాదు. అంత పెద్ద ప్రశ్నకు గుమ్మంలో నిలబడి ఎవరూ జవాబు చెప్పలేరు.

అదే అమ్మాయి వారం తర్వాత, ముందుగా సమయం అడిగి, చేతిలో ఒక కాగితంతో వస్తుంది. అందులో ఇలా ఉంటుంది:

పేరు, గ్రూపు, సెమిస్టర్. మూడు సెమిస్టర్ల మార్కులు. ఫిజిక్స్‌లో ఒక బ్యాక్‌లాగ్. నాన్న ఆటో నడుపుతాడు, అమ్మ బీడీలు చుడుతుంది, తమ్ముడు పదో తరగతి. డిగ్రీ అయ్యాక ఇంట్లో ఒక ఏడాది ఆగగలరు. లెక్కలు ఇష్టం. ప్రోగ్రామింగ్ పరవాలేదు. ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది, మాట్లాడాలంటే భయం. ప్రశ్నలు రెండు: ఎమ్మెస్సీ లెక్కలు మంచిదా, ఎంసీఏ మంచిదా? ఎంసీఏ అయితే ఐసెట్‌కు ఎప్పటినుంచి చదవాలి?

సార్ కుర్చీ చూపిస్తారు.

"ఎంసీఏ రెండేళ్లు కదమ్మా. ఇంట్లో ఏడాదే ఆగుతారని రాశావు?"

"ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చి, హాస్టల్ కూడా దొరికితే రెండేళ్లకు ఒప్పిస్తాను సార్."

"అయితే ముందు ఆ ఫిజిక్స్ తీసెయ్. బ్యాక్‌లాగ్ ఉంటే ర్యాంకు వచ్చినా సర్టిఫికెట్ల వెరిఫికేషన్ దగ్గర ఆగిపోతావు. ఐసెట్‌లో లెక్కలు ఎక్కువే, అవి నీకు భయం లేదు. 200 మార్కుల్లో 75 రీజనింగ్ లాంటివి. వాటికి ఇప్పటినుంచే రోజూ అరగంట కూర్చో. పోయినేడాది ఎంసీఏలో చేరిన మన అమ్మాయి ఒకరుంది. తనను అడిగి నంబరిస్తాను, హాస్టల్ సంగతి ఆమెనే కనుక్కో. మళ్లీ ఎప్పుడొస్తావు?"

"ఫిజిక్స్ సప్లిమెంటరీ రాయగానే వస్తాను సార్."

పది నిమిషాల్లో అయిపోయిన మాటలివి. ఆ అమ్మాయికి చేయాల్సిన పని, మొదలుపెట్టాల్సిన రోజు, మాట్లాడాల్సిన మనిషి, మూడూ దొరికాయి. ఇంటి పరిస్థితి కాగితం మీద పెట్టడానికి ఆమె సిగ్గుపడలేదు. నాన్న ఆటో నడపడంలో దాచాల్సిందేమీ లేదు. ఇంట్లో ఎంతకాలం ఆగగలరో తెలియకుండా ఎంత అనుభవజ్ఞుడైనా సరైన సలహా ఇవ్వలేడు.

మీరు కూడా అలాంటి కాగితం ఒకటి రాసుకోండి. తెలుగులోనే రాయండి, తెలుగులోనే మాట్లాడండి. లెక్చరర్ చెప్పింది వాళ్ల ముందే నోటుబుక్కులో రాసుకోండి. చెప్పిన పని చేశాక మళ్లీ కలవండి. చాలామంది ఒక్కసారి కలిసి మానేస్తారు. రెండోసారి వచ్చిన విద్యార్థిని ఏ లెక్చరరూ మరిచిపోరు. రేపు ఒక స్కాలర్‌షిప్ గురించో, ఒక ఖాళీ గురించో తెలిసినప్పుడు ఆయనకు గుర్తొచ్చే పేరు మీదే అవుతుంది.

క్యాలెండర్ మీ గోడ మీద ఉండాలి

పేదింటి పిల్లలు పరీక్షలో ఓడిపోయే సందర్భాల కంటే తేదీ దాటిపోయి అవకాశం పోగొట్టుకునే సందర్భాలు నాకు ఎక్కువ బాధ కలిగిస్తాయి. తేదీలు ఏటా కాస్త అటూ ఇటూ అవుతాయి గానీ, ఫైనలియర్ విద్యార్థికి వరస ఇంచుమించు ఇలా ఉంటుంది.

సెప్టెంబరు, అక్టోబరు: ఐఐటీల్లో ఎమ్మెస్సీ కోసం జామ్ దరఖాస్తు. పరీక్ష ఫిబ్రవరిలో.

డిసెంబరు, జనవరి: సెంట్రల్ యూనివర్సిటీల కోసం సీయూఈటీ పీజీ దరఖాస్తు. పరీక్ష మార్చిలో.

ఫిబ్రవరి నుంచి: ఎంబీఏ, ఎంసీఏలకు ఐసెట్, బీఈడీకి ఎడ్‌సెట్, లాకు లాసెట్ నోటిఫికేషన్లు. పరీక్షలు వేసవిలో.

వేసవి, ఆ తర్వాత: రాష్ట్ర యూనివర్సిటీల్లో పీజీకి ఏపీలో పీజీసెట్, తెలంగాణలో సీపీగెట్.

వీటన్నిటికీ డిగ్రీ చివరి ఏడాది చదువుతుండగానే దరఖాస్తు చేసుకోవచ్చు. "రిజల్ట్ వచ్చాక చూద్దాం" అని ఆగితే ఈ జాబితాలో చివరిది మినహా అన్నీ జారిపోతాయి. అందుకే అయిదో సెమిస్టర్ మొదలయ్యే నాటికే ఈ వరస మీ గది గోడ మీద ఉండాలి.

కాగితాలు, డబ్బు

మొదటి సంవత్సరంలోనే చూసుకోవాల్సిన పని ఒకటుంది. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, బ్యాంకు ఖాతాలో మీ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయా? ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా స్కాలర్‌షిప్ నెలల తరబడి ఆగిపోవచ్చు. ఆధార్ మీ బ్యాంకు ఖాతాతో అనుసంధానమైందో లేదో బ్యాంకులో అడిగి ఖాయం చేసుకోండి. హాజరు 75 శాతానికి తగ్గనివ్వకండి. పార్ట్‌టైమ్ పని చేస్తూ చదువుతుంటే ఈ సంగతి మెంటర్‌కు ముందే చెప్పండి. హాజరు పడిపోయాక చెబితే ఆయన చేయగలిగింది తక్కువ.

సర్టిఫికెట్ల దగ్గర చాలామంది పొరపడే చోటు ఇంకొకటుంది. రాష్ట్రంలో వాడే బీసీ సర్టిఫికెట్ కేంద్ర ఉద్యోగాలకు, కేంద్ర యూనివర్సిటీలకు సరిపోదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ విడిగా తీసుకోవాలి. మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో కూడా చూసుకోవాలి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌ను ఏటా కొత్తగా తీసుకోవాలి. వీటికి మీ సేవలోనో సచివాలయంలోనో దరఖాస్తు చేస్తే తహసీల్దార్ కార్యాలయం నుంచి రావడానికి రోజులు పడుతుంది. నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తకండి.

ఫీజుకు భయపడి దరఖాస్తులు మానుకోకండి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్, యూపీఎస్సీ పరీక్షలకు ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులు, మహిళలు, దివ్యాంగులు ఫీజు కట్టనక్కర్లేదు. రైల్వే పరీక్షలకు వీళ్లు కట్టిన 250 రూపాయలను, పరీక్ష రాశాక బ్యాంకు ఛార్జీలు మినహాయించి తిరిగి ఇస్తారు.

రీయింబర్స్‌మెంట్ బకాయి పడిందని ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపేసే కాలేజీలు ఉన్నాయి. విద్యార్థుల ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. ఒంటరిగా వాదనకు దిగకండి. రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకుని, సంక్షేమ శాఖ అధికారికీ యూనివర్సిటీకీ తెలియజేయండి.

చిన్న దారి, పొడవు దారి

పీజీ, పీహెచ్‌డీ పొడవు దారి. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ సాధిస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంది. అంటే పరిశోధన డబ్బున్నవాళ్ల సొత్తు కాదు. కానీ అక్కడికి చేరేదాకా రెండు మూడేళ్లు ఇల్లు గడవాలి.

ఇంట్లో జీతం త్వరగా కావాల్సి ఉంటే చిన్న దారి ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. కేంద్ర ప్రభుత్వ నాట్స్ పోర్టల్‌లో నమోదు చేసుకుంటే డిగ్రీ చదివినవాళ్లకు కంపెనీల్లో అప్రెంటిస్ అవకాశాలు కనిపిస్తాయి. గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయల స్టైపెండ్ ఇవ్వాలని 2019 నిబంధనలు చెప్పాయి. పని నేర్చుకుంటూ, సర్టిఫికెట్ సంపాదిస్తూ, దూరవిద్యలో పీజీ చదువుకోవచ్చు. మన దేశపు మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. ఇప్పుడు దాని పేరు అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. పని చేసుకుంటూ చదివేవాళ్ల కోసమే అది ఉంది.

ఇక గవర్నమెంటు ఉద్యోగాల సంగతి. అశోక్‌నగర్ గదుల్లో, చిక్కడపల్లి లైబ్రరీలో, నంద్యాల, అవనిగడ్డ కోచింగ్ సెంటర్లలో ఎంతో పట్టుదలగల పిల్లలు చదువుతున్నారు. మీరూ చదవండి. బ్యాంకు క్లర్కు, రైల్వే, ఎస్‌ఎస్‌సీ ఎంటీఎస్ పరీక్షలు తెలుగులోనూ రాయవచ్చు. అయితే మొదలుపెట్టే రోజే రెండు విషయాలు అమ్మానాన్నల ముందు తేల్చుకోండి: ఎన్నాళ్లు చదువుతారు, ఆ గడువులో రాకపోతే ఏ పనిలో చేరతారు. గడువు పెట్టుకోకుండా చదివితే ఏళ్లు తెలియకుండా గడిచిపోతాయి, వెనక ఇంట్లో అప్పు పెరుగుతుంది. గడువు పెట్టుకున్నవాళ్లకు చదువులో ఏకాగ్రత కూడా ఎక్కువే.

డబ్బిస్తే ఉద్యోగం ఇప్పిస్తామనేవాళ్లను దగ్గరికి రానివ్వకండి. ఉద్యోగమిచ్చే సంస్థ మీకు జీతం ఇస్తుంది, మిమ్మల్ని డబ్బు అడగదు. ఏదైనా ఆఫర్ మీద అనుమానం వస్తే సంతకం పెట్టే ముందు మెంటర్‌కు చూపించండి.

ఇంట్లో ఒప్పించడం

ఆడపిల్లలకు ఈ చిక్కు ఎక్కువ. "ఇంక చదివింది చాలు, సంబంధాలు చూస్తున్నాం" అన్న మాట ఆరో సెమిస్టర్‌లో వినిపిస్తుంది. అప్పటికప్పుడు ఎదురు చెబితే గొడవే మిగులుతుంది. రెండో ఏడాది నుంచే ఇంట్లో మీ ఆలోచన చెబుతూ రండి: ఏ కోర్సు, ఎన్నేళ్లు, ఫీజు ఎవరిస్తారు, హాస్టల్ ఎక్కడ, అయ్యాక ఏ ఉద్యోగం. అమ్మానాన్నల భయం చదువు మీద కాదు, తెలియని ఊరి మీద, తెలియని ఖర్చు మీద. ఆ రెండింటికీ వివరాలు చూపిస్తే సగం భయం పోతుంది. మిగతా సగానికి మీ మేడమ్‌ను సాయం అడగండి. "మీ అమ్మాయి బాగా చదువుతోందండీ, ఇద్దరు ముగ్గురు కలిసే హాస్టల్లో చేరుతున్నారు, నేను చూసుకుంటాను" అని లెక్చరర్ ఫోన్‌లో చెప్పే రెండు మాటలకు తండ్రులు విలువిస్తారు. లెక్చరర్లకు కూడా ఇక్కడే నా విన్నపం: ఆ ఫోన్ చేయండి. ఆ పిల్లకు మీరు చెప్పిన పాఠాలన్నిటికంటే ఆ ఫోనే ఎక్కువ ఉపయోగపడవచ్చు.

కులం పేరుతోనో, రిజర్వేషన్ పేరుతోనో ఎవరైనా చిన్నబుచ్చితే తల దించుకోకండి. రిజర్వేషన్ మీ హక్కు. కాలేజీలో ఎస్సీ, ఎస్టీ సెల్ ఉంటుంది, దానికి రాసివ్వండి. మనసు బాగా కుంగితే ఆ మాట ఒక్కరికైనా చెప్పండి. టెలి మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.

ఈ వారం చేయాల్సినవి

1. మీ మెంటర్ ఎవరో కనుక్కుని, కలవడానికి ఒక రోజు, ఒక సమయం అడగండి.

2. మీ గురించి ఒక పేజీ రాయండి: మార్కులు, బ్యాక్‌లాగ్‌లు, ఇల్లు, ఇష్టాలు, ఇంట్లో ఎంతకాలం ఆగగలరు, రెండు ప్రశ్నలు.

3. మెమో, ఆధార్, బ్యాంకు ఖాతాల్లో పేరు సరిచూసుకోండి. తేడా ఉంటే ఈ వారమే సవరణకు పెట్టండి.

4. పై క్యాలెండర్‌ను మీ గ్రూపుకు తగ్గట్టు రాసి గోడకు అంటించండి.

5. మీ కాలేజీలోనే చదివి ముందుకెళ్లిన ఒక సీనియర్‌తో పావుగంట మాట్లాడండి.

6. మీరు తెలుసుకున్న ప్రతి తేదీ, ప్రతి వివరం మీ క్లాసు గ్రూపులో పెట్టండి. ఫోన్ లేని స్నేహితులకు నోటితో చెప్పండి. పోటీ పెరుగుతుందని దాచుకోకండి. మీకు సీటొచ్చాక మీ కాలేజీకి ఒకసారి వెళ్లి, మొదటి సంవత్సరం పిల్లలతో గంటసేపు కూర్చుని ఏ నెలలో ఏం చేశారో చెప్పండి. మీ ఇంట్లో ఇది చెప్పేవాళ్లు లేకపోయారు. మీ కాలేజీలో మీ తర్వాత వచ్చేవాళ్లకు ఆ లోటు ఉండకూడదు.